పదిహేను మంది, ఒక ఆదివారం: వైజాగ్‌లో కేకు, పఫ్‌లు, భోజనం ఎలా చెప్పుకోవాలి?

సీతమ్మధార_సందు · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం తాతగారి డెబ్భయ్యో పుట్టినరోజు. మొత్తం పదిహేను మందిమి. పదేళ్లలోపు పిల్లలు నలుగురు, పెద్దవాళ్లు ముగ్గురు, మిగతా ఎనిమిది మంది ముప్పై, నలభైల్లో ఉన్నవాళ్లం. పెద్దవాళ్లలో ఇద్దరు మాంసం, గుడ్డు ముట్టరు. పదకొండింటికి ఇంట్లో పఫ్‌లు, టీ. ఒంటిగంటకి బయట హోటల్లో భోజనం, కేకు కూడా అక్కడే కోద్దామని. సాయంత్రం ఆర్‌కే బీచ్. మే నెల మధ్య ఎండ, ఉక్క సంగతి మీకు తెలిసిందే.

పేర్లు ఎవరైనా చెప్తారు. నాకు కావలసింది వేరే. ఎన్ని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, కౌంటర్ దగ్గర ఏం అడగాలి? ఎక్కడెక్కడ తేడా కొడుతుంది?

ఓవెన్_పక్కన · సోమవారం, రాత్రి 9:48

పఫ్‌లతో మొదలుపెడతాను. పఫ్ విషయంలో షాపు పేరు కన్నా వాయి దిగిన టైము ముఖ్యం. మన ఊళ్లో చాలా బేకరీల్లో పొద్దున పది ప్రాంతంలో ఒక వాయి, సాయంత్రం నాలుగు దాటాక ఇంకో వాయి దిగుతాయి. మధ్యలో వెళ్తే గాజు అరలో బల్బు కింద ఉన్నవే ఇస్తారు. ఆ బల్బు వేడికి పైపొర ఎండిపోతుంది. లోపలి కూర ఆవిరి మాత్రం కిందికి దిగి అడుగుని మెత్తబరుస్తుంది. కాబట్టి పఫ్‌ని పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, తిప్పి అడుగు చూడాలి. అడుగున కూడా పొరలు విడివిడిగా, గోధుమరంగులో కనిపిస్తే తాజాది. తెల్లగా, తడిగా, అంతా ఒకటే ముద్దలా అతుక్కుని ఉందంటే అడుగు వేడి చాలక పచ్చిగా మిగిలిందన్నా అనుకోవాలి, దిగి మూడు గంటలన్నా అయిందనుకోవాలి. రెండూ వద్దు.

రెండో గుర్తు నోట్లో తెలుస్తుంది. తిన్నాక అంగిలికి మైనం పూసినట్టు ఉంటే, మడతల్లో వేసిన కొవ్వు ఒంటి వేడికి కరగని రకం. బేకరీలు దాన్ని ఎందుకు వాడతాయంటే, మన ఎండలో పిండి మడతపెట్టేటప్పుడు వెన్న కారిపోతుంది, పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నూనెతో చేసే గట్టి మార్జరిన్ నిలబడుతుంది. ఏసీ గదిలో మడతలు వేసే చోట వెన్న పఫ్ దొరుకుతుంది, ధర ఎక్కువే. ఒకటి కొని, అక్కడే నిలబడి తిని, నచ్చితే మిగతావి చెప్పండి.

లెక్క: పదిహేను మందికి ఇరవై చాలు, రెండు గంటల్లో భోజనం ఉంది కదా. కూర పఫ్‌లు 10, గుడ్డువి 6, చికెన్‌వి 4. ముందురోజు సాయంత్రమే వెళ్లి "రేపు పది గంటల వాయిలోవి ఇరవై" అని చెప్పి అడ్వాన్సు ఇవ్వండి. కూర పఫ్‌లు వేరే కవరులో పెట్టించండి. ఒకే డబ్బాలో కలిపి పెడితే ఆ ఇద్దరు పెద్దవాళ్లూ ముట్టుకోరు.

ఎంవీపీ_సెక్టార్ · సోమవారం, రాత్రి 10:05

మాస్టారూ, ప్లాస్టిక్ కవర్లో వేసిస్తే ఇంటికొచ్చేసరికి మెత్తబడిపోతున్నాయి. వేడి చేయడానికి మైక్రోవేవ్ పనికొస్తుందా?

ఓవెన్_పక్కన · సోమవారం, రాత్రి 10:20

మైక్రోవేవ్ వద్దండీ. అది లోపలి తడిని ఆవిరి చేసి పొరల్లోకి నెడుతుంది. తీయగానే మెత్తగా, రెండు నిమిషాలకి తోలులా ఉంటుంది. దోసె పెనం సన్నసెగ మీద పెట్టి, నూనె లేకుండా, మూత కొంచెం ఓరగా ఉంచి నాలుగైదు నిమిషాలు. ఎయిర్‌ఫ్రయర్ ఉంటే 160 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు. ఓవెన్ అయితే ముందే వేడెక్కించి 180లో ఆరేడు నిమిషాలు.

కాగితం కవర్లో వేయించుకుని మూతి మడవకుండా తెచ్చుకోండి. మన ఊరి గాల్లో తడి ఎలాగూ ఎక్కువ, దానికి తోడు సొంత ఆవిరి కూడా లోపలే ఉండిపోతే ఏ పఫ్ అయినా పావుగంటలో చల్లారి మెత్తబడిపోతుంది. గుడ్డు పఫ్, చికెన్ పఫ్ మాత్రం ఈ ఎండలో బయట గంటకి మించి ఉంచకండి. సాయంత్రం తిందామని బల్ల మీద వదిలేయకూడదు.

కేకు_కొలత · మంగళవారం, ఉదయం 7:32

కేకు సంగతి. బరువుతో మొదలు. కిలో కేకు అంటే స్పాంజి, క్రీము, పైన అలంకరణ అన్నీ కలిపి కిలో. భోజనం తర్వాత మనిషికి నూరు గ్రాములు ధారాళంగా సరిపోతుంది. మీకు కిలోన్నర చాలు. రెండు కిలోలు చెప్పారంటే అర కిలో ఫ్రిజ్‌లోకే వెళ్తుంది. గుండ్రటి అచ్చులో అర కిలో సుమారు ఆరంగుళాలు, కిలో ఎనిమిదంగుళాలు. కిలోన్నర అడిగితే కొందరు ఎనిమిదంగుళాలదే ఎత్తు పెంచి ఇస్తారు. కోసేటప్పుడు ఎత్తు కేకు ముక్క పక్కకి వాలిపోయి పళ్లెంలో ముద్దవుతుంది. పదిహేను మందికైతే చదరం కేకు చెప్పండి, అటు అయిదు, ఇటు మూడు వరసలుగా కోస్తే సరిగ్గా పదిహేను ముక్కలు.

తూకంలో అట్టపెట్టె, కింద అట్ట బరువు కలపకూడదు. తూకం మీద ముందు ఖాళీ పెట్టె పెట్టించి సున్నా చేయించండి. నికర బరువే లెక్క, అది తూనికల చట్టం చెప్పే మాట. మిఠాయి డబ్బాలకీ ఇదే వర్తిస్తుంది.

ఇక క్రీము. బోర్డు మీద "ఫ్రెష్ క్రీమ్" అని ఉన్నా, చాలాచోట్ల వాడేది పాల మీగడ కాదు. పామ్ గింజల నూనెతో చేసిన విప్పింగ్ క్రీము. అది తప్పేమీ కాదు, మన వేడికి పాల క్రీము కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ పాల క్రీము ధర తీసుకుంటూ అది ఇస్తే తప్పు. "డైరీయా, నాన్ డైరీయా?" అని సూటిగా అడగండి. ఫ్రిజ్ నుంచి తీశాక పాల క్రీము ఈ ఉక్కలో అరగంటకే చెమ్మగిల్లి జారడం మొదలుపెడుతుంది. నాన్ డైరీ గంట వరకు ఓర్చుకుంటుంది.

ఫాండెంట్ బొమ్మల కేకు మే నెలలో వద్దు. ఫాండెంట్ అంటే చక్కెర ముద్దతో చేసే పూత, బొమ్మలు కదా, ఫ్రిజ్ నుంచి తేమగాలిలోకి వచ్చేసరికి దాని మీద నీటిబొట్లు పుడతాయి, రంగు కారుతుంది, బొమ్మ ముక్కు కిందికి జారుతుంది. ఫొటో కేకుకీ ఇదే బాధ. ఫొటో కాగితం క్రీములోని తడి పీల్చి సిరా పాకిపోతుంది. కావాలంటే డెలివరీకి అరగంట ముందే అతికించమని చెప్పాలి, ముందురోజు రాత్రి కాదు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్ · మంగళవారం, ఉదయం 8:15

@కేకు_కొలత గారూ, ఒక మాట. ఈ ఎండకి బటర్‌క్రీమే మేలు కదా? పాతకాలం బేకరీ కేకులు, ఆ గులాబీపువ్వులు, బయట పెట్టినా కదిలేవి కావు.

కేకు_కొలత · మంగళవారం, ఉదయం 8:40

ఆ పాత కేకుల్లో చాలావాటిది అసలు వెన్న కాదండీ, వనస్పతి, చక్కెర కలిపి గిలక్కొట్టిన క్రీము. అందుకే కదిలేవి కావు, అందుకే అంగిలికి అంటుకునేవి. నిజం వెన్నతో చేసిన బటర్‌క్రీమ్ ముప్పై డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది, మే నెలలో మన మధ్యాహ్నాలు అంతకన్నా ఎక్కువే. పైగా చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, ఇరవై నిమిషాలు బయట ఉంచితేనే రుచి తెలుస్తుంది. ఏసీ హోటల్లో కోస్తున్నారు కాబట్టి ఇక్కడ నాన్ డైరీయే సులువు. డిసెంబరు, జనవరి అయితే మీ మాటకే నా ఓటు.

పచ్చచుక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:20

గుడ్డు ముట్టని ఇద్దరి కోసం రాస్తున్నాను. "ఎగ్‌లెస్" అంటే పిండిలో గుడ్డు లేదని మాత్రమే అర్థం. అదే గిన్నె, అదే బీటరు, అవే అచ్చులు వాడే చోట్లు చాలా ఉన్నాయి. మడి పాటించే పెద్దవాళ్లయితే "గిన్నెలు వేరేనా?" అని అడగాలి. పూర్తిగా శాకాహార బేకరీ అయితే ఆ ప్రశ్న అక్కర్లేదు. అది ఎంత పెద్ద షాపన్నది కాదు, లోపల గుడ్డు అసలు వస్తుందా లేదా అన్నది చూడండి.

ఇంకోటి చాలామంది మరిచిపోతారు. మూస్, చీజ్‌కేక్, మెరిసే జెల్లీ పూత ఉన్న పేస్ట్రీల్లో చాలాసార్లు జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది. గుడ్డు లేకపోయినా అది శాకాహారం కాదు. అగర్‌తో చేశారా అని అడగండి, అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది.

రుచి మాట: ఎగ్‌లెస్ స్పాంజి పెరుగుతోనో కండెన్స్‌డ్ పాలతోనో చేస్తారు, కొంచెం బరువుగా, పొడిపొడిగా రాలుతుంది. అందుకని పైనాపిల్, బటర్‌స్కాచ్‌లాగా చక్కెరపాకం బాగా తడిపే రకాలు తీసుకుంటే తేడా తెలియదు. ప్లెయిన్ వెనిలా ఎగ్‌లెస్ మాత్రం తినేవాళ్లకి గొంతు పట్టేస్తుంది. పదిహేను మందికీ ఒకటే ఎగ్‌లెస్ కేకు చెప్పండి, రెండు కేకులు పెట్టి పెద్దవాళ్లని వేరు చేయకండి.

కేకు మీద పేరు తెలుగులో రాయించాలంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, ఫోనులో చెప్పకండి. ఒత్తులూ గుణింతాలూ క్రీము కోనుతో గీయడం కష్టం. "తాతయ్యకి" లాంటి చిన్న మాట అయితే బాగా వస్తుంది.

స్కూటీ_ప్రయాణం · మంగళవారం, సాయంత్రం 6:02

కేకు మోసుకెళ్లేటప్పుడు జరిగే నష్టమే ఎక్కువ. మన ఊరు చదునైన ఊరు కాదు, సిరిపురం దగ్గర ఎక్కి దిగేసరికే పెట్టెలో కేకు ఒక గోడకి జారిపోతుంది. స్కూటీ హుక్కుకి తగిలించొద్దు, ఊగి ఊగి పక్క క్రీమంతా పెట్టెకి అంటుకుంటుంది. కాళ్ల దగ్గర బోర్డు మీద తడిపి పిండిన తువ్వాలు మడతపెట్టి, దాని మీద పెట్టె పెట్టండి. తడి గుడ్డ మీద అట్టపెట్టె జారదు. కారైతే డిక్కీ వద్దు, ఒళ్లో కూడా వద్దు. ఒంటి వేడి తగులుతుంది, బ్రేకు వేస్తే వంగుతుంది. ముందు సీటులో కాళ్లు పెట్టే చోట, నేల మీద పెట్టి ఏసీ గాలి పాదాల వైపు తిప్పండి. బేకరీ వాళ్లని కేకుని అట్టకి క్రీముతో అతికించి ఇమ్మనండి, అడిగితే చేస్తారు.

లెక్కలపంతులు · మంగళవారం, రాత్రి 8:55

ఇప్పుడు హోటలు. ఆదివారం ఒంటిగంట అంటే వైజాగ్‌లో సగం ఊరు అదే టైముకి బయలుదేరుతుంది. ద్వారకానగర్, సిరిపురం, జగదాంబ, బీచ్‌రోడ్డు ఎక్కడైనా ఒంటిగంట నుంచి రెండున్నర దాకా బల్ల కోసం నిలబడాలి. పన్నెండుంబావుకి వెళ్లండి. అప్పుడు ఇంకో లాభం, బిరియానీ మొదటి హండీ మూత అప్పుడే తీస్తారు. మూడో హండీ వేళకి హడావుడిలో దమ్ము తగ్గించి దించేస్తారు, అడుగున అన్నం మాడి పైన పలుకుగా ఉండేది అప్పుడే.

శనివారం పొద్దున ఫోను చేసి నాలుగు మాటలు అడగండి. పదిహేను మందికి బల్లలు కలుపుతారా? బయటి కేకు తేనిస్తారా? దానికి ఏమైనా రుసుము ఉందా? ఫ్రిజ్‌లో కాసేపు పెడతారా? చివరిదానికి సరే అన్నా జాగ్రత్త. హోటలు ఫ్రిజ్‌లో చేపలు, ఉల్లిపాయ పేస్టు ఉంటాయి, క్రీము ఆ వాసన ఇట్టే పట్టేస్తుంది. పెట్టె చుట్టూ క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి ఇవ్వండి. కుదిరితే కేకు నేరుగా బేకరీ నుంచి హోటలుకే ఒకటిన్నరకి వచ్చేలా చూసుకోండి. భోజనం చివర్లో కోయండి. ముందే కోస్తే పిల్లలు క్రీముతో కడుపు నింపేసుకుని అన్నం ముట్టరు.

కూర్చోవడం: పొడుగాటి ఒకటే బల్ల చూడముచ్చటగా ఉంటుంది కానీ గిన్నె ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసరికి ఖాళీ. ఏ వంటకమైనా రెండు ప్లేట్లు చెప్పి, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన పెట్టించండి. పెద్దవాళ్లని చెయ్యి కడుక్కునే చోటికి దగ్గరగా, ఏసీ గాలి నేరుగా తగలని వైపు కూర్చోబెట్టండి.

ఆర్డరు లెక్క: మాంసం తినే పెద్దలు తొమ్మిదిమంది, పిల్లలు నలుగురు. స్టార్టర్లు రెండు రకాలు, రెండేసి ప్లేట్లు, అందులో ఒక రకం అందరూ తినగలిగే శాకాహారం. ప్లేటులో ఎన్ని ముక్కలో ముందే అడగండి, ఆరు నుంచి పది దాకా తేడా ఉంటుంది. తందూరీవి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి కూర్చోగానే వాటినే చెప్పాలి. బిరియానీ నాలుగు ఫుల్ చెప్పి ఆగండి, ఐదోది అవసరం చూసి. శాకాహారులు ఇద్దరికీ భోజనం ప్లేట్లు. ఆంధ్రా భోజనంలో పప్పు, కూర, పులుసు, పెరుగు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, కానీ ఆ ప్లేటులోంచి పక్కవాళ్లకి పెట్టడం ఒప్పుకోరు, అదీ న్యాయమే. రొట్టెలు, నాన్‌లు ఒకేసారి పదిహేను చెప్పకండి. తందూరు పొయ్యికి ఒక్కో విడతలో పట్టేది కొన్నే. నాన్ అయిదు నిమిషాలకి తోలు అవుతుంది. నాలుగేసి చొప్పున చెప్పండి.

పిల్లలకి "కారం తక్కువ" అని చెప్పడం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుసుకోవాలి. అప్పటికప్పుడు పెనం మీద చేసే చిల్లీ చికెన్, ఫ్రైడ్‌రైస్, నూడుల్స్‌కి పనిచేస్తుంది. బిరియానీకి పనిచేయదు, పొద్దుననే నానబెట్టిన మసాలా అది. కూరలకీ అంతంతే, గ్రేవీ ముందే ఉడికి ఉంటుంది. మహా అయితే మీగడ కలిపి తెస్తారు. పిల్లలకి తెల్లన్నం, పప్పు, నెయ్యి చెప్పండి, పక్కన పెరుగు.

జాలరిపేట_రుచులు · బుధవారం, ఉదయం 6:40

చేపల సంగతి ఎవరూ రాయలేదేటి? వైజాగ్ వచ్చిన చుట్టాలు ముందు అడిగేది అదే కదా. కానీ మే నెలలో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఇంజను లేని తెప్పలకి మినహాయింపు ఉంది కానీ అవి తెచ్చేది కొంచెమే.

మరి హోటల్లో కోనెం ముక్క ఎక్కడిదంటారా? పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. కాబట్టి మే నెలలో అటునుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి, లేకపోతే ముందే గడ్డకట్టించినవి. జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాలూ మూసే ఉంటాయి, అప్పుడు సముద్రపు చేప అడగనే వద్దు.

ఐసులో చాలా రోజులున్న చేప వేపుడుకి పనికిరాదు, పెనం మీద నీరు వదిలి ముక్క విరిగిపోతుంది. అలాంటప్పుడు పులుసు చెప్పండి, చింతపండు పులుపు, మసాలా దాన్ని కాపాడతాయి. ఇంకా మేలు, ఈ రెండు నెలలూ చెరువుల్లో పెంచినవి అడగండి. వెనామీ రొయ్యలు, పెంపకపు పండుగప్ప, శీలావతి, బొచ్చె. ఇవి వేట ఆగినా తాజాగానే దొరుకుతాయి. రొయ్య సరిగ్గా వేగిందా లేదా చూడడం తేలిక: సగం చంద్రుడిలా వంగి ఉంటే సరి, ఉంగరంలా ముడుచుకుపోయి ఉంటే ఎక్కువ వేగి రబ్బరైపోయింది.

చేపని ముక్కలుగా కాకుండా మొత్తంగా చెప్తే మెనూలో ధర బదులు "సైజుని బట్టి" అని ఉంటుంది. తూచేది శుభ్రం చేయకముందా, చేశాకా అని ముందే తేల్చుకోండి. తల, పొలుసు, పేగులు పోతే దాదాపు మూడో వంతు తగ్గుతుంది. తలతో ఉన్న రొయ్యలైతే సగానికి దగ్గర. చేపని వంటింట్లోకి తీసుకెళ్లే ముందు బల్ల దగ్గరికి తెచ్చి చూపించమనండి. ఇదేం మొహమాటపడాల్సిన విషయం కాదు. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. లోపలికి పోయి తెల్లబడి ఉంటే వేరేది చెప్పుకోండి.

బిల్లు_చూడండి · బుధవారం, ఉదయం 10:11

మామూలు హోటల్లో భోజనం బిల్లు మీద జీఎస్‌టీ 5 శాతం. కేకులు, పేస్ట్రీలు, బిస్కెట్ల మీద అంతకుముందు 18 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5కి తగ్గింది. కాబట్టి కేకు బిల్లులో ఇంకా 18 కనిపిస్తే అడగండి. చిన్న హోటళ్లలో చాలావి కాంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి, వాళ్లు తమ టర్నోవర్ మీద తామే పన్ను కట్టుకోవాలి, కస్టమర్ దగ్గర జీఎస్‌టీ విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద ఆ సంగతి రాసి ఉంటుంది.

సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బిల్లులో తనంతట తాను కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నిలబెట్టింది. తీసేయమని నెమ్మదిగా చెప్తే తీసేస్తారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు. ఆ డబ్బుని వడ్డించినవాళ్ల చేతికే ఇవ్వండి, పదిహేను మందికి రెండు గంటలు నిలబడి వడ్డించినవాళ్లకి అది దక్కాలి.

బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. తిన్నది పడక ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ నంబరే ఆధారం. బిల్లు కనీసం రెండు రోజులు పారేయకండి.

సీతమ్మధార_సందు · బుధవారం, రాత్రి 9:30

అందరికీ చాలా చాలా థాంక్స్. పఫ్‌లకి శనివారం చెప్తాను, హోటలు పన్నెండుంబావుకి మార్చాను, కేకు ఎగ్‌లెస్ బటర్‌స్కాచ్ చదరం కిలోన్నర. సాయంత్రం బీచ్ దగ్గర ఏం చేయాలో కూడా చెప్పండి. కేకు అక్కడే కోద్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. వెళ్లే చుట్టాల చేతికి ఏమిస్తే బాగుంటుందో కూడా.

మురీమిక్చర్ · గురువారం, ఉదయం 7:05

బీచ్‌లో కేకు వద్దమ్మా. సాయంత్రం సముద్రపు గాలికి కొవ్వొత్తి ఒక్కటి నిలవదు, క్రీము మీద ఇసుక పడితే మొత్తం పారేయాలి. బీచ్‌కి బీచ్ తిండే బాగుంటుంది.

ఐదున్నర దాటాక వెళ్లండి. మన సూర్యుడు ఊరి వెనక దిగుతాడు కాబట్టి ఇసుక బేగి చల్లబడుతుంది. అందరూ కూర్చున్నాకే మురీ మిక్చర్ చెప్పండి, నడుస్తూ చెప్తే చేతికొచ్చేసరికి మెత్తబడుతుంది. బండివాడు మరమరాల్లో ముందు వేరుశెనగలు, కారం, ఉప్పు కలిపి, తర్వాత ఉల్లి, టమాటా ముక్కలు, కొత్తిమీర, ఆఖరున నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం పడ్డ క్షణం నుంచి మీకు అయిదు నిమిషాలే. పైగా ఆ గాల్లో ఉప్పు తడి ఉంటుంది, మూత తీసి ఉంచిన డబ్బాలోని మరమరాలు కలపకముందే నమిలితే సాగుతాయి. రెండు గింజలు అడిగి కొరికి చూడండి, కరకరలాడితేనే కలపమనండి. పిల్లలకి కారం లేకుండా విడిగా కలిపిస్తారు.

బజ్జీలకి నూనె చూడాలి. పిండి వేసినప్పుడు నురగ పైకొచ్చి వెంటనే అణిగిపోతే నూనె బాగుంది. సబ్బు నురగలా అంచులదాకా నిలిచిపోయి, నల్లగా, ముక్కుకి ఘాటుగా తగిలితే ఎన్నోసార్లు మరిగిన నూనె. ఆ బండి వదిలేయండి. మిరపకాయ బజ్జీ ఒకసారి వేయించి పెట్టుకుని, అడిగినప్పుడు రెండోసారి వేసి తీస్తారు. ఆ రెండోసారి వేయడం మీ కళ్లముందు జరగాలి. అప్పుడే పైపొర గట్టిబడుతుంది, చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టినా వెంటనే నానిపోదు. టమాటా బజ్జీ లోపల మరుగుతూ ఉంటుంది, పిల్లలకి సగానికి కోసి రెండు నిమిషాలు ఆగాక ఇవ్వండి. మొక్కజొన్న పొత్తులు బొగ్గుల మీద అప్పటికప్పుడు కాల్చినవే, ముందే కాల్చి పేర్చినవి వద్దు.

స్టీలు చెంచాలు, ఒక డబ్బా ఇంటినుంచే పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, పైగా అక్కడ వదిలేసినవన్నీ అలల్లోకే పోతాయి.

ఓవెన్_పక్కన · గురువారం, ఉదయం 9:22

చుట్టాలకి మాడుగుల హల్వా ఇవ్వండి. మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలని నెయ్యి, చక్కెరతో గంటలకొద్దీ కలుపుతూ దించుతారు. మంచిదైతే వేలితో నొక్కితే లోపలికి దిగి నెమ్మదిగా పైకి లేస్తుంది, నెయ్యి వేలికి అంటుతుంది కానీ కారదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నెయ్యి గడ్డకట్టి హల్వా రాయిలా అవుతుంది. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు నుంచి నియమం ఉంది. ట్రే మీద ఆ తేదీ చూసి తీసుకోండి.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్ · గురువారం, మధ్యాహ్నం 12:48

పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనానికి ఊళ్లో అందరికీ తెలిసినవి కూడా చెప్పేస్తాను, కొత్తగా చదివేవాళ్లకి పనికొస్తుంది. టిఫిన్లకి వెంకటాద్రి వంటిల్లు, ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్, జగదాంబ దగ్గర బిరియానీకి ఆల్ఫా, సూర్యాబాగ్‌లో దసపల్లా. టిఫిను సెంటరు ఏదైనా ఆదివారం ఎనిమిదిలోపు వెళ్లండి. కొబ్బరి చట్నీ ఈ ఎండకి పదకొండు దాటితే పులుస్తుంది, ఇంటికి కట్టించుకుంటే అల్లం చట్నీ, సాంబారు తీసుకోండి. పెసరట్టుని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడిపోతుంది, అది పెనం దగ్గరే తినాలి.

ఎంవీపీ_సెక్టార్ · గురువారం, సాయంత్రం 5:16

చివరిగా ఒకటి. మిగిలిన కేకు, తెచ్చిన బ్రెడ్డు మర్నాటికి ఎలా ఉంచాలి? రెండూ ఫ్రిజ్‌లోనేనా?

కేకు_కొలత · గురువారం, సాయంత్రం 6:03

కేకు ఫ్రిజ్‌లోనే. అట్టపెట్టెలో కాదు, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో. మూతని కింద పరిచి, కేకు దాని మీద పెట్టి, డబ్బాని బోర్లించండి. అప్పుడు తీసేటప్పుడు క్రీము పాడవదు. రెండు రోజుల్లో తినేయాలి. కోసిన అంచు చూస్తే సంగతి తెలుస్తుంది. స్పాంజి లోపలికి ముడుచుకుని క్రీము గీత ముందుకి పొడుచుకొచ్చిందంటే ఎండిపోయింది. షాపు అద్దాల్లో పేస్ట్రీ కొనేటప్పుడు కూడా ఈ అంచే చూడండి.

బ్రెడ్డు మాత్రం ఫ్రిజ్‌లో వద్దు. ఆ చల్లదనానికి పిండి పదార్థం బిగుసుకుని బయట కన్నా తొందరగా గట్టిపడుతుంది. బయట రెండు రోజులు, అంతకు మించితే ఈ తేమకి బూజు పడుతుంది. ఎక్కువ ఉంటే ముక్కలుగానే ఫ్రీజర్‌లో పెట్టి, తీసి నేరుగా పెనం మీద కాల్చుకోండి. వేడివేడి బ్రెడ్డు కొంటే ముక్కలు కోయించకండి, మిషను దాన్ని చింపేస్తుంది. రెండు గంటలు చల్లారాక ఇంట్లో రంపంపళ్ల కత్తితో కోసుకోండి.